ఈ గోడ ఎందుకు తాతయ్యా?

మా మనవరాలికి ఎనిమిదేళ్లు. పేరెందుకు లెండి, ప్రతి ఇంట్లోనూ అలాంటిది ఒకటి ఉంటుంది. పొద్దున కళ్లు తెరిచింది మొదలు రాత్రి జపమాల మధ్యలో నిద్రలోకి జారేదాకా "ఎందుకు తాతయ్యా" అన్న మాట దాని నోట్లో నానుతూనే ఉంటుంది. "ఆడపిల్లకు ఇన్ని ప్రశ్నలేమిటే" అని వాళ్ల నాయనమ్మ విసుక్కుంటుంది. మొదట్లో నేనూ విసుక్కున్నవాణ్ణే. ముప్పై ఏళ్లకు పైగా బడిలో పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. ప్రశ్నలు వేయడం నా పని, జవాబులు చెప్పడం పిల్లల పని అన్న అలవాటు అంత తొందరగా పోతుందా?

కిందటేడు వేసవిలో ఒకరోజు జరిగింది చెబుతాను. మన పల్నాడు ఎండల సంగతి మీకు కొత్తగా చెప్పాలా? రెంటచింతల పేరు రాష్ట్రంలో చాలామందికి ఎండల వార్తల్లోనే తెలుసు. ఆ మధ్యాహ్నం కరెంటు లేదు. వసారాలో నాపరాళ్ల మీద నీళ్లు చల్లుకుని పడుకున్నాం. అది విసనకర్రతో నాకు విసురుతూ ఉన్నట్టుండి, "తాతయ్యా, దేవుడికి చెమట పడుతుందా?" అంది.

"దేవుడు ఆత్మ. ఆయనకు ఒళ్లు లేదు. చెమట పట్టదు" అన్నాను, చిన్నప్పుడు సత్యోపదేశంలో వల్లె వేసినట్టే.

కాసేపు విసరడం ఆపింది. "మరి యేసుస్వామికి?"

నేను లేచి కూర్చున్నాను. నజరేతులో వడ్రంగం పని చేసినవాడికి పట్టదా? మిట్టమధ్యాహ్నం సమరియలో బావి దగ్గర అలసి కూలబడినవాడికి పట్టదా? గెత్సెమని తోటలో ఆయన చెమట నెత్తుటి బొట్లలా నేల మీద పడిందని లూకా సువిశేషం చెబుతూనే ఉంది కదా. "పట్టింది" అన్నాను.

"అయితే దేవుడికి పట్టినట్టేగా!" అని మళ్లీ విసరడం మొదలుపెట్టింది.

451వ సంవత్సరంలో కల్సెదోను మహాసభలో పీఠాధిపతులు కూడి, క్రీస్తు సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మానవుడు, అయినా ఇద్దరు కాదు ఒక్కడే అని నిర్ణయించారు. ఈ పిల్ల రెండు ప్రశ్నలతో ఆ సత్యం గుమ్మం దాకా వచ్చి నిలబడింది. దానికి అదంతా అర్థమైందని నేననను. తాతలందరికీ ఉండే పిచ్చి నాకూ ఉందని మీరు నవ్వుకోవచ్చు. కానీ అరవై ఏళ్లుగా విశ్వాస సంగ్రహం చెప్పుకుంటూ వచ్చిన నాకు, యేసుస్వామి ఒంటి చెమట వాసన ఎలా ఉండేదో అన్న తలపు ఆ మధ్యాహ్నం దాకా ఒక్కసారైనా రాలేదు. అది నిజం.

ఇంకోసారి గుడిలో. ఇప్పుడు చాలా గుళ్లలో మందసం దగ్గర ఎర్ర బల్బు పెడుతున్నారు కదా, మా గుడిలోనూ అంతే. ఒక సాయంత్రం పూజ మధ్యలో కరెంటు పోయింది, బల్బు ఆరిపోయింది. వెంటనే నా చెవిలో, "యేసుస్వామి వెళ్లిపోయారా?" అంది. ఎర్ర దీపం వెలుగుతుంటే అందులో యేసుస్వామి ఉన్నట్టు అని దానికి నేర్పింది మేమే. నేర్పిన పాఠాన్నే అది అప్పజెప్పింది. పూజ అయ్యాక ఈ మాట మా విచారణ గురువులతో నవ్వుతూ అన్నాను. ఆయన నవ్వలేదు. మందసం ముందు ఎప్పుడూ వెలగవలసింది నూనెదీపమో మైనపు దీపమో అని శ్రీసభ నియమం ఉందనీ, సులువు కోసం మనమే బల్బు పెట్టుకున్నామనీ చెప్పారు. మరుసటి ఆదివారానికి నూనెదీపం వచ్చింది. వంతుల వారీగా నూనె పోయడానికి నలుగురు ఆడవాళ్లు ముందుకొచ్చారు. వాళ్లలో మా ఆవిడ ఒకరు. ప్రశ్నలేమిటే అని కసిరిన మనిషే!

ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా అనుకోవాలి. పిల్లలను చూడగానే దేవదూతలు, అమాయకులు, కల్లాకపటం ఎరగని మల్లెమొగ్గలు అని మనం తేలిగ్గా అనేస్తాం. ఇంట్లో పిల్లల్ని పెంచేవాళ్లెవరూ ఈ మాట నమ్మరు. మా పిల్ల తమ్ముడి మామిడిపండు లాక్కుని, అడిగితే తినలేదంటుంది, మూతికి రసం కారుతుండగానే. పునీత అగస్టీను గారు తన ఒప్పుకోలు గ్రంథంలో పాలుతాగే పసిబిడ్డ అసూయ గురించి రాశారు. తనతోపాటు పాలు తాగే మరో బిడ్డను చూసి ముఖం పాలిపోయి కోపంతో చూసిందట. కాబట్టి చిన్నబిడ్డల్లా మారమని ప్రభువు చెప్పింది వాళ్లు పాపం ఎరగరని కాదు. మరి ఎందుకు చెప్పినట్టు?

నాకు తోచింది ఇది. బిడ్డకు తనదంటూ ఏమీ ఉండదు. అన్నమైనా, గుడ్డయినా, మాటయినా ఎవరో ఇవ్వాలి. అడగడం దానికి సిగ్గు కాదు. మనకు సిగ్గు. గుడిలో అందరూ మోకరిస్తే మోకరిస్తాం, లేస్తే లేస్తాం. ఎందుకో తెలియకపోయినా పక్కవాణ్ణి అడగం, మనకు తెలియదని వాడికి తెలిసిపోతుందని భయం. తెలియదు అన్న మాట నోటి నుంచి రావడానికి కొంత వినయం కావాలి. పిల్లలకు అది పుట్టుకతో ఉంది, మనం కష్టపడి పోగొట్టుకున్నాం.

అన్ని ప్రశ్నలూ ఒకటి కావు లెండి. పక్కింటివాడి పొలం కౌలెంత, వాళ్ల అల్లుడికిచ్చిన కట్నమెంత, ఫాదరుగారి దగ్గరకు నిన్న వచ్చిందెవరు, ఇవన్నీ ప్రశ్నలే. మన అరుగుల మీద వీటికి కరువు లేదు. పునీత తోమాసు అక్వినాసు గారు తెలుసుకోవాలనే కోరికను రెండుగా విడదీసి, ఒకదాన్ని సద్గుణంగానూ రెండోదాన్ని దుర్గుణంగానూ లెక్కగట్టారు. ఆయన అయిదేళ్ల వయసులో మోంతెకస్సినో మఠంలో చదువుకు చేరి, దేవుడంటే ఏమిటని అక్కడి మఠవాసులను అడిగి విసిగించేవారని పెద్దలు చెప్పుకుంటారు. ఆ పిల్లవాడు పెద్దవాడై ఆ ఒక్క ప్రశ్నకే జీవితమంతా ధారపోసి, చివరికి తాను రాసినదంతా గడ్డిపోచ అన్నాడు. ఎవరు, ఎంత అని అడిగేది మన అరుగు. ఎందుకు అని అడిగేది పిల్ల. జవాబు వల్ల దానికి వచ్చే లాభం పైసా ఉండదు.

లూకా సువిశేషం మొదటి అధ్యాయంలో గబ్రియేలు దూతను ఇద్దరు ప్రశ్నిస్తారు. జెకర్యా ఇది నమ్మడానికి గుర్తేమిటని అడిగాడు, మూగవాడయ్యాడు. మరియమ్మ ఇది ఎలా జరుగుతుందని అడిగింది, ఆమెకు వివరంగా జవాబు దొరికింది. ఇద్దరూ అడిగారు కదా, ఒకరికి శిక్ష ఎందుకని నేను చాలా ఏళ్లు తికమకపడ్డాను. ముసలాయన రుజువు అడిగాడు, పడుచుపిల్ల దారి అడిగింది. మాట నమ్మి, చెయ్యి పట్టుకుని, ఎటు వెళుతున్నామని అడగడం మరియమ్మ పద్ధతి. తాత చెయ్యి పట్టుకుని నడిచే పిల్ల పద్ధతీ అదే. తరువాత అధ్యాయంలో పన్నెండేళ్ల యేసు యెరూషలేము దేవాలయంలో పండితుల మధ్య కూర్చుని ఏం చేశాడు? వారి మాటలు విన్నాడు, వారిని ప్రశ్నించాడు. దేవుని కుమారుడు గుడిలో చేసిన మొదటి పని ప్రశ్నలు అడగడమే. అది మనం పిల్లలకు గుడిలో నోరు మూసుకోమని చెప్పేటప్పుడు గుర్తుండదు.

అసలు పిల్లల ప్రశ్న మన ఆరాధనలో మొదటి నుంచీ ఉంది. నిర్గమకాండం పన్నెండో అధ్యాయంలో పాస్క పండుగ నియమాలు చెబుతూ, ఈ ఆచారమేమిటని మీ బిడ్డలు అడిగితే ఇలా జవాబివ్వండని దేవుడు ఆజ్ఞాపించాడు. యూదుల ఇళ్లలో ఈనాటికీ పాస్క రాత్రి భోజనం దగ్గర అందరికన్నా చిన్నవాడు లేచి ప్రశ్నలు అడగాలి, అప్పుడే కథ మొదలవుతుంది. యెహోషువ యోర్దాను దాటగానే నది గర్భం నుంచి పన్నెండు రాళ్లు తెప్పించి గిల్గాలులో నిలబెట్టింది కూడా అందుకే. రేపు పిల్లలు ఈ రాళ్లేమిటని అడుగుతారు, అప్పుడు దేవుడు చేసిన మేలు చెప్పండి అన్నాడు.

రాళ్ల దగ్గరకు వచ్చాం కనుక, ఇంతవరకు దాటవేస్తూ వచ్చిన సంగతి ఇక చెప్పాలి. మా ఊరి పేరు ఎందుకు చెప్పలేదో మీకే అర్థమవుతుంది.

కిందటేడు నవంబరు 2, మృతుల పండుగ. మన ఊళ్లలో ఆ రోజు సంగతి మీకు తెలుసు. వారం ముందే సమాధులకు సున్నం కొట్టిస్తాం, బంతిపూలు తెస్తాం, గురువులు వచ్చి తీర్థం చల్లుతారు, చీకటి పడేవేళకు కొవ్వొత్తులన్నీ వెలుగుతుంటే శ్మశానం పెళ్లివారిల్లులా ఉంటుంది. మా నాన్న, మా అమ్మ, పసితనంలో పోయిన మా చెల్లెలు అందరికీ కొవ్వొత్తులు పెట్టాక మా పిల్ల చేతిలో రెండు మిగిలాయి. అది అటూ ఇటూ చూసి, ఉత్తరం వైపు గోడ దగ్గరకు పోయి, మునివేళ్ల మీద లేచి అవతలకు తొంగిచూసింది.

"అక్కడ కూడా కొవ్వొత్తులున్నాయి తాతయ్యా. అదీ మన శ్మశానమేనా?"

"ఊఁ."

"మరి ఈ గోడ ఎందుకు తాతయ్యా?"

"పశువులు రాకుండా" అన్నాను.

"అటువైపు గోడ లేదుగా. వాళ్ల సమాధుల మీదికి పశువులు రావచ్చా?"

నేను దాని చెయ్యి పట్టుకుని గబగబా నడిచాను. దారిలో ఇంకొకటి అడిగింది. "చచ్చిపోయినవాళ్లు కూడా పోట్లాడుకుంటారా?"

ఆ గోడ పశువుల కోసం కట్టింది కాదు. అటువైపు ఉన్నది కాలనీవారి సమాధులు, మన దళిత సోదరులవి. మా తాతల కాలంలో మధ్యలో తుమ్మచెట్ల వరుస ఉండేది. 1994లో ఆ చెట్లు కొట్టేశాక, హద్దు తెలియకుండా పోతుందని ఊళ్లో పెద్దలు గోడ పెట్టాలన్నారు. ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేసి, రసీదు పుస్తకం రాసింది నేను. అప్పటికి నాకు ముప్పై అయిదేళ్లు. బడిలో పిల్లలకు మనమంతా ఒక్కటే అని చెప్పే మాస్టరును. రాయి మాచర్ల నుంచి, సున్నం పిడుగురాళ్ల నుంచి వచ్చింది. ఆ పని తప్పని అప్పట్లో నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. ఇన్నేళ్ల పాపసంకీర్తనాల్లో కోపం చెప్పాను, అబద్ధం చెప్పాను, ఆదివారం పూజ తప్పిన సంగతి చెప్పాను. గోడ మాట ఒక్కసారీ నా నోటికి రాలేదు. అది పాపాల జాబితాలో ఉంటుందని తట్టనే లేదు.

ఆ నెలాఖరునే కారెంపూడిలో పల్నాటి వీరుల ఉత్సవాలు జరిగాయి. బడిలో పంతులమ్మ బ్రహ్మనాయుడి కథ చెప్పిందట, పిల్ల వచ్చి నాకు మళ్లీ చెప్పింది. ఎనిమిది వందల ఏళ్ల కిందట ఈ నేల మీదే, అన్ని కులాలవారినీ ఒక్క చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టించాడనీ, దాన్ని చాపకూడు అంటారనీ, మాలకులంలో పుట్టిన కన్నమదాసును కన్నకొడుకులా చూసుకుని సేనకు నాయకుణ్ణి చేశాడనీ కళ్లు పెద్దవి చేసుకుని చెప్పింది. మనకు తెలిసిన కథే. ఈ ఏడు అది తొలి దివ్యసత్ప్రసాదం పుచ్చుకోవాలి కనుక సిస్టరమ్మగారి దగ్గర తరగతులకు వెళుతోంది. 1910లో పునీత పదవ పయస్ పాపుగారు, ఏడేళ్ల బిడ్డలకు కూడా దివ్యసత్ప్రసాదం ఇవ్వవచ్చనీ, మామూలు రొట్టెకూ దీనికీ తేడా తెలిస్తే చాలుననీ ఆజ్ఞ ఇచ్చారు. అంతకుముందు చాలాచోట్ల పది, పన్నెండేళ్ల దాకా ఆపేవారు. ఆ తేడాయే సిస్టరమ్మగారు చెబుతున్నారు. మా పిల్ల చెయ్యి ఎత్తి, "అమ్మగారూ, ఇది చాపకూడా?" అని అడిగిందట.

ఆ తల్లి నాతో అన్న మాట: "అంతకన్నా గొప్పదమ్మా అని చెప్పాను మాస్టారూ. చెప్పాక నాకే భయం వేసింది. ఎందుకంటే వెంటనే అది మీ గోడ గురించి అడిగింది."

మీ గోడ అన్నారు ఆమె. రసీదు పుస్తకం సంగతి ఆమెకు తెలియదు, ఊరి గోడ అన్న అర్థంలోనే అన్నారు. నాకు మాత్రం గుచ్చుకుంది.

ఇది మా ఒక్క ఊరి రోగం కాదని చెప్పుకుని ఊరట పొందడానికి దారులు లేకపోలేదు. తమిళనాడులో తిరుచిరాపల్లి మేలపుదూరు కతోలిక శ్మశానంలో గోడ సంగతి పత్రికలకెక్కింది. 2003లో రెండవ జాన్ పాల్ పాపుగారు తమిళనాడు పీఠాధిపతులతో మాట్లాడుతూ క్రైస్తవుల్లో కులపు చూపు సువిశేషానికి విరుద్ధమని గట్టిగా హెచ్చరించారు. 2016లో భారత పీఠాధిపతుల సమాఖ్య దళితుల సాధికారత కోసం ఒక విధానమే ప్రకటించింది. 2022 ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి పూల ఆంథోనీ గారు కార్డినల్ అయ్యారు. తెలుగువారిలో మొదటి కార్డినల్, దళితుల్లోనూ మొదటివారు. ఆ రోజు మా గుడిలో గంటలు మోగించాం, మిఠాయిలు పంచాం. గంట తాడు లాగినవాళ్లలో నేనూ ఉన్నాను. గోడ గోడలాగే ఉంది. పత్రాలూ ప్రకటనలూ నేను చదవకపోలేదు. అవేవీ నన్ను ప్రశ్న అడగలేదు, అదీ తేడా. పై అధికారులు చెప్పినది తల ఊపి వినవచ్చు. చెయ్యి పట్టుకుని నడిచే పిల్ల అడిగితే దాని ముఖంలోకి చూసి జవాబు చెప్పాలి.

తపస్కాలంలో పాపసంకీర్తనం చేశాను. గురువులు చెప్పిన ప్రాయశ్చిత్తం ఇక్కడ రాయదగినది కాదు. పునరుత్థాన పండుగ తరువాత విచారణ సంఘం కూటంలో గోడ తీసేద్దామని అడిగాను. ఒకరిద్దరు సరేనన్నారు. ఎక్కువమంది నేలచూపులు చూశారు. "చచ్చినవాళ్లకేం పట్టింపు మాస్టారూ, ఉన్నది ఉండనివ్వండి" అన్నాడొకాయన. నాకన్నా పెద్దవాడు, మంచివాడు, నా కష్టకాలంలో అప్పిచ్చి ఆదుకున్నవాడు. చచ్చినవాళ్లకు పట్టింపు లేకపోతే గోడ ఎవరికోసం అని నేను అడగాలి. ఆ నిమిషాన నోరు పెగల్లేదు. కనీసం ఒక గేటు పెట్టే విషయం వచ్చే కూటానికి వాయిదా పడింది. ఆ కూటం ఇంకా జరగలేదు.

ఈ ఏడు నవంబరు 2 వచ్చింది. మా వాళ్ల సమాధుల దగ్గర ప్రార్థన అయ్యాక పిల్ల నా వైపు చూసింది. ఈసారి కొవ్వొత్తులు మిగలడం కాదు, ఒక ప్యాకెట్ ఎక్కువే తెచ్చుకుంది. గోడకు దారి లేదు కనుక వెనక్కి వచ్చి, రోడ్డెక్కి, కాలువ గట్టు మీదుగా చుట్టూ తిరిగి అవతలికి వెళ్లాం. పావుగంట పట్టింది. అక్కడివాళ్లు మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నారు. ఆ తప్పుకోవడం నేను జీవితమంతా మర్యాద అనుకున్నాను.

గోడను ఆనుకునే ఒక సమాధి ఉంది. దాని దగ్గర ఉన్న అబ్బాయి, అబ్బాయేమిటి, నలభై దాటినవాడు, ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవాడే. "మాస్టారూ, మీరా?" అని లేచి నిలబడ్డాడు. ఆ సమాధి వాళ్ల నాన్నది. తాపీమేస్త్రి. మా వైపు మనుషులు రోజుకూలి ఇచ్చి ఆ గోడ కట్టించుకున్నది ఆయన చేతనే.

పిల్ల కొవ్వొత్తి అంటించి, మైనం కరిగించి రాతి మీద నిలబెట్టింది. గాలికి ఆరిపోకుండా రెండు చేతులూ అడ్డం పెట్టి, ఆ అబ్బాయిని అడిగింది. "మామయ్యా, ఈ గోడ ఎవరు కట్టారు?"

అతను నా ముఖంలోకి చూసి, తల దించుకున్నాడు.

"డబ్బు పోగుచేసింది నేను తల్లీ" అన్నాను. "కట్టింది ఈయన."

అది కాసేపు సమాధి వైపు, కాసేపు గోడ వైపు చూసింది. ప్యాకెట్లోంచి ఇంకో కొవ్వొత్తి తీసి నా చేతికిచ్చింది.